అమ్మ ఎంఆర్ఐ రిపోర్టులో "ఏజ్ రిలేటెడ్ సెరిబ్రల్ అట్రోఫీ" అని ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి

తెనాలిపిల్ల:
అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. మా అమ్మకి 69 ఏళ్లు. ఐదో తరగతి దాకా చదువుకుంది. షుగర్ ఉంది, తొమ్మిదేళ్లుగా మందులు వాడుతోంది. నాన్న పోయి ఏడాదిన్నర అయింది. ఈమధ్య ఆరేడు నెలలుగా చెప్పిందే మళ్లీ చెప్పడం, పొద్దున ఫోన్లో మాట్లాడుకున్న సంగతే సాయంత్రం కొత్తగా అడగడం చేస్తోంది. పొయ్యి మీద పాలు పెట్టి రెండుసార్లు మర్చిపోయింది. రెండోసారి గిన్నె నల్లగా మాడి, పక్కింటివాళ్లు వచ్చి తలుపు కొట్టేదాకా తనకి తెలియలేదు.

పోయిన వారం ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఒకబ్బాయి వచ్చి హడావిడిగా ప్రశ్నలు అడిగాడు. ఈరోజు తారీఖు ఎంత అంటే అమ్మ "ఆషాఢం, నిన్న ఏకాదశి వెళ్లింది, ఈరోజు ద్వాదశి" అంది. అతను తప్పు అని రాసుకున్నాడు. 100లోంచి 7 తీసేస్తూ వెళ్లమంటే 93, 86 దాకా వచ్చి ఆగిపోయింది. తర్వాత ఐదు భుజాల బొమ్మలు రెండు, ఒకదాని మీదికి ఒకటి వచ్చేట్టు ఉన్నవి చూపించి, అలాగే గీయమన్నాడు. సంతకం పెట్టడానికి తప్ప అమ్మ పెన్ను ముట్టుకుని ఎన్నేళ్లయిందో. పెన్నుని పిడికిలితో పట్టుకుని, కాగితం మీద ఆనించి, నా మొహం వంక చూసింది. నాకు కడుపు తరుక్కుపోయింది. మొత్తం 30కి 20 వచ్చాయన్నారు.

ఎంఆర్ఐ రిపోర్టులో పైన రాసిన మాటతో పాటు "స్మాల్ వెసెల్ ఇస్కీమిక్ చేంజెస్, ఫజేకాస్ గ్రేడ్ 1" అని ఉంది. డాక్టరుగారు "వయసు కదమ్మా, మామూలే" అని పంపించేశారు. ఇక్కడితో ఆగితే ఇంత టెన్షన్ పడేదాన్ని కాదు. బెంగళూరులో ఉండే తమ్ముడు ఆ సీడీని ఏదో వెబ్‌సైట్లో పెడితే అమ్మ "బ్రెయిన్ ఏజ్" 77 అని వచ్చిందట. అప్పటి నుంచి వాడికి నిద్ర లేదు, నాకూ లేదు. మెదడు వయసుని నిజంగా అలా కొలవొచ్చా?

స్కాన్‌రూమ్:
నేను విజయవాడలో ఎంఆర్ఐ టెక్నీషియన్‌ని, 14 ఏళ్ల అనుభవం. జబ్బు నిర్ధారణ చెప్పడం నా పని కాదు కానీ రిపోర్టులో మాటలకి అర్థం చెప్పగలను.

అట్రోఫీ అంటే కుంచించుకుపోవడం. పెద్దవాళ్ల మెదడు దాదాపు 1300 నుంచి 1400 గ్రాములుంటుంది. నలభై దాటాక పదేళ్లకి సుమారు 5 శాతం చొప్పున పరిమాణం తగ్గుతుందని అంచనా, డెబ్బై దాటాక ఇంకొంచెం వేగంగా. పుర్రె ఎలా ఉన్నది అలాగే ఉంటుంది కాబట్టి ఖాళీ అయిన చోటుని నీరు నింపుతుంది. స్కాన్లో మాకు కనిపించేది అదే. మధ్యలో ఉండే నీటి గదులు పెద్దవవుతాయి, పైన మడతల మధ్య సందులు వెడల్పవుతాయి. అరవై దాటినవాళ్ల రిపోర్టుల్లో ఈ వాక్యం లేనివి నేను తక్కువే చూశాను.

ఫజేకాస్ అనేది 0 నుంచి 3 దాకా ఇచ్చే గ్రేడు. సన్న రక్తనాళాల్లో దెబ్బ వల్ల వచ్చే తెల్ల మచ్చలు ఎంత ఉన్నాయన్నది అది చెబుతుంది. 1 అంటే అక్కడక్కడా చుక్కలు. ఈ వయసులో మామూలుగా కనిపిస్తుంది. కాకపోతే బీపీ, షుగర్ అదుపులో లేకపోతే ఆ చుక్కలు కలిసిపోయి 2, 3 అవుతాయి, అందుకని వాటిని వదిలేయకండి.

ఒక్కటి చూడండి. రిపోర్టులో "ఎంటీఏ స్కోర్" అని ఎక్కడైనా రాశారా? చెవుల దగ్గర లోపలివైపు హిప్పోక్యాంపస్ అని చిన్న భాగం ఉంటుంది. కొత్త సంగతులు గుర్తుపెట్టుకోవడానికి అది చాలా ముఖ్యం. అది ఎంత కుంచించుకుందో 0 నుంచి 4 దాకా గ్రేడు ఇస్తారు. 75 లోపు వయసులో 2 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే డాక్టరు ఆగి చూస్తారు. మతిమరుపు కోసం స్కాన్ తీయించినప్పుడు అసలు అడగాల్సింది ఆ అంకె, "వయసు వల్ల" అన్న మాట కాదు.

ఇంకో సంగతి. స్కాన్ తీసేటప్పుడు అమ్మ తల కదిలిందా? పెద్దవాళ్లు ఆ శబ్దానికి కంగారుపడి కదులుతారు. తల కదిలితే, కంప్యూటర్ లెక్కలో మెదడు ఉన్నదానికంటే పలచగా వస్తుంది. ఒంట్లో నీళ్లు తక్కువైనా పరిమాణం కొంచెం తక్కువ చూపిస్తుంది.

ముత్యాలముగ్గు:
మా నాన్న రిపోర్టులోనూ ఇదే మాట. గూగుల్లో చూస్తే రోజుకు లక్ష మెదడు కణాలు చచ్చిపోతాయని ఉంది. చదివి ఏడ్చేశాను. ఎవరైనా చెప్పండి, ఇది నిజమా?

బయాలజీ మేష్టారు:
ముత్యాలముగ్గు గారూ, ఏడవకండి, ఆ లక్ష లెక్క చాలా పాతది. ఇప్పుడు అది నిలబడదు. డెన్మార్క్‌లో పాకెన్‌బర్గ్, గుండర్సన్ అనే ఇద్దరు 1997లో 94 మెదళ్లలో పై పొరలోని కణాలని పద్ధతి ప్రకారం లెక్కగట్టి ఫలితాలు ప్రచురించారు. ఇరవై ఏళ్ల వయసుకీ తొంభై ఏళ్ల వయసుకీ మధ్య తేడా దాదాపు 10 శాతమే. అంటే డెబ్బై ఏళ్ల జీవితంలో నూటికి పది.

మరి మెదడు చిన్నదెందుకవుతుంది అంటే, కణాలు ఉంటాయి కానీ వాటి కొమ్మలు తగ్గుతాయి. మా స్కూలు వెనక వేపచెట్టు ఉంది, వేసవికి ముందు ఆకు రాలి పలచబడుతుంది, చెట్టు చావదు. ఇదీ కొంత అలాంటిదే, కాకపోతే మెదడులో కొమ్మలు మళ్లీ అంత గుబురుగా రావు. కణాల మధ్య కలయికలు తగ్గుతాయి, కణాలు సన్నబడతాయి. అన్నిటికంటే ఎక్కువ నష్టం తీగలకి. కణం నుంచి కణానికి కబురు మోసే తీగల మీద మైలిన్ అని కొవ్వు తొడుగు ఉంటుంది, ఇంట్లో కరెంటు వైరుకి ప్లాస్టిక్ తొడుగులాగా. ఆ తొడుగున్న తీగల మొత్తం పొడవు పదేళ్లకి దాదాపు 10 శాతం చొప్పున తగ్గుతుందని అదే దేశంలో తర్వాత వచ్చిన లెక్క. కబురు ఆలస్యంగా చేరడానికి ఇది ఒక పెద్ద కారణం.

అందుకే మొదట మందగించేది వేగం, అదీ ముప్పైల్లోనే మొదలవుతుంది. మాటల సంపద మాత్రం అరవైలు దాటినా పెరుగుతూనే ఉండొచ్చు. నా వయసు 58. పిల్లల పేర్లు నాలుక చివరికి వచ్చి ఆగుతాయి, పాఠం చెప్పడం మాత్రం ముప్పై ఏళ్లప్పటికంటే ఇప్పుడే బాగా చెబుతున్నాను. రెండూ నిజమే.

అన్ని భాగాలూ ఒకేలా తగ్గవు కూడా. ముందుభాగం, హిప్పోక్యాంపస్ ముందు తగ్గుతాయి, చూపుకి సంబంధించిన వెనకభాగం అంతగా తగ్గదు. జబ్బు లేని పెద్దవాళ్లలో హిప్పోక్యాంపస్ ఏడాదికి 1 నుంచి 2 శాతం తగ్గుతుంది, అల్జీమర్స్ ఉన్నవాళ్లలో 3 నుంచి 5 శాతం. చూడండి, తేడా అంతా వేగంలో ఉంది.

లెక్కలపిచ్చి:
తెనాలిపిల్ల గారూ, ఆ 77 సంగతి నేను చెబుతాను. అట్లాంటాలో ఉంటాను, మెదడు స్కాన్ల మీద ప్రోగ్రాములు రాయడం నా ఉద్యోగం. మీ తమ్ముడికి ఇది తప్పకుండా చదివి వినిపించండి.

బ్రెయిన్ ఏజ్ ఎలా కడతారంటే, ఆరోగ్యంగా ఉన్న వేలమంది స్కాన్లు, వాళ్ల అసలు వయసులు కంప్యూటర్‌కి ఇచ్చి నేర్పిస్తారు. తర్వాత కొత్త స్కాన్ ఇస్తే, ఇది ఏ వయసువాళ్ల మెదడులా కనిపిస్తోందో అది ఊహించి చెబుతుంది. ఊహకీ అసలు వయసుకీ ఉన్న తేడానే "మీ మెదడు ముసలిదైంది" అని వెబ్‌సైట్లు చెప్పేస్తాయి. 2010లో జర్మనీలో ఫ్రాంకే, గాజర్ ఈ పద్ధతికి బ్రెయిన్‌ఏజ్ అని పేరు పెట్టారు. పద్ధతి మంచిదే, వేలమందిని గుంపుగా పెట్టి చూసేటప్పుడు చాలా ఉపయోగం. కానీ ఆరోగ్యవంతుల మీదే ఈ ఊహ సగటున మూడు నుంచి ఐదేళ్లు తప్పుతుంది. సగటున అంటున్నాను, ఒక్కొక్కరి విషయంలో ఎనిమిది పదేళ్లు తప్పడం వింతేమీ కాదు. అమ్మకి తేడా ఎనిమిదేళ్లు. అందులో ఎంత అమ్మదో ఎంత ప్రోగ్రాముదో ఆ ఒక్క అంకె చూసి ఎవరూ చెప్పలేరు. స్కాన్ తీసిన మెషిన్ మారితేనే అంకె మారిపోతుంది.

ఇంతకంటే ముఖ్యమైనది ఇంకోటుంది. 2021లో విడాల్-పినేరో బృందం ఒకే మనుషుల్ని మళ్లీ మళ్లీ స్కాన్ చేసిన డేటా తీసుకుని చూసింది. ఒక్క స్కాన్లో "ముసలి" అని వచ్చినవాళ్ల మెదడు ఆ తర్వాత ఎక్కువ వేగంగా అరుగుతోందా అంటే, అలాంటి సంబంధం కనపడలేదు. ఆ అంకెకి పుట్టినప్పటి బరువుతో మాత్రం సంబంధం కనపడింది! అంటే కొందరి మెదడు మొదటి నుంచీ అంతే, అది ఇప్పుడు అరిగింది కాదు. మా ఊళ్లో బక్కగా ఉన్నవాణ్ని చూసి "చిక్కిపోయావేంట్రా" అంటారు కదా. వాడు ఎప్పుడూ బక్కోడే. చిక్కాడో లేదో తెలియాలంటే పోయినేడాది ఫోటో కావాలి.

ఇంకొకటి. ఆ ప్రోగ్రాములకి నేర్పిన స్కాన్లలో ఎక్కువ భాగం బ్రిటన్, యూరప్, అమెరికా వాళ్లవి. 2019లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో జయంతి శివస్వామి గారి బృందం వందమంది భారతీయుల స్కాన్లతో భారతీయ మెదడు అట్లాస్ తయారుచేసింది. అందరూ కొలబద్దగా వాడే పాశ్చాత్య నమూనాతో పోలిస్తే మన మెదడు పొడవు, వెడల్పు, పరిమాణం సగటున కొంచెం తక్కువని అందులో తేలింది. తెలివికీ దానికీ సంబంధం లేదు, శరీరాల సైజు తేడా లాంటిదే. కానీ వాళ్ల కొలబద్ద పెట్టి మా అమ్మనో మీ అమ్మనో కొలిస్తే "కుంచించుకుంది" అనే వైపుకి తూగే ప్రమాదం ఉంటుంది కదా. నాకు ఇది చాలా కోపం తెప్పించే విషయం. ఇది అడక్కుండానే జనానికి అంకెలు అమ్ముతున్నారు.

తెనాలిపిల్ల:
అన్నా, చాలా థాంక్స్. తమ్ముడికి చదివి వినిపించాను. అంటే 77 అబద్ధమా? అమ్మకి ఏమీ లేదని అనుకోవచ్చా? పాలు మాడటం మాత్రం నిజం కదా.

లెక్కలపిచ్చి:
లేదమ్మా, ఏమీ లేదని నేను అనలేదు. 77 చూసి భయపడొద్దు, పాలు మాడటం చూసి ఊరుకోవద్దు. రెండోదే అసలు సమాచారం.

జ్ఞాపకాల గది:
నేను హైదరాబాద్‌లో మెమరీ క్లినిక్‌లో సైకాలజిస్ట్‌ని. మీ పోస్టు చదివినప్పటి నుంచి ఆ పరీక్ష చేసిన తీరు మనసులో మెదులుతూనే ఉంది.

మీరు చెప్పినదాన్ని బట్టి అది ఎంఎంఎస్ఈ అనే జ్ఞాపకశక్తి పరీక్ష. 1975లో అమెరికాలో తయారైంది, 30 మార్కులు. ఏడేసి తీసివేయడం, ఐదు భుజాల బొమ్మలు అందులోవే. అవి ఎవరికి తేలిక? బడికి వెళ్లి కాగితం మీద లెక్కలు చేసినవాళ్లకి. ఐదో తరగతి చదివిన మనిషికి 20 వచ్చిందంటే, ఆ అంకెలో చదువు ఎంత, మతిమరుపు ఎంత అని విడదీయకుండా దాన్ని వాడకూడదు. ఎంఓసీఏ అనే ఇంకో పరీక్షలో చదువు 12 ఏళ్లు లేదా అంతకంటే తక్కువైతే ఒక మార్కు కలుపుతారు, నా అనుభవంలో మన పల్లెల్లో అదీ చాలదు. 1990ల్లో హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో చదువురాని పెద్దవాళ్ల కోసం హిందీలో ప్రత్యేకంగా పరీక్ష తయారుచేసింది ఇందుకే. తెలుగులోనూ ఏసీఈ అనే పరీక్షని మన భాషకి, మన చదువుకి తగ్గట్టు మార్చినది ఉంది. మళ్లీ తెలుగులో పరీక్ష చేయమని అడగండి, సిగ్గుపడకండి.

తిథి చెప్పడం గురించి. ఆవిడ చెప్పిన ద్వాదశి సరైనదే అయితే, ఆవిడకి ఆరోజు ఏ రోజో తెలుసు. క్యాలెండర్ వేరు, అంతే. నా ఎదుట చెప్పి ఉంటే నేను తిథి రాసుకుని పంచాంగం చూసి మార్కు ఇచ్చేదాన్ని, పక్కన ఎందుకిచ్చానో కూడా రాసేదాన్ని.

అసలు మేం ఎక్కువ నమ్మేది ఇంట్లోవాళ్ల మాట. పదేళ్ల కిందట అమ్మ ఏం చేసేది, ఇప్పుడు ఏం చేయలేకపోతోంది? ఆవకాయ పాళ్లు తప్పుతున్నాయా? చీటీ డబ్బుల లెక్క ఎవరు చూస్తున్నారు? తెలిసిన వీధిలో దారి తప్పిందా? పేర్లు ఆలస్యంగా గుర్తురావడం వయసు. ఎన్నాళ్ల నుంచో చేసే పని మధ్యలో తర్వాత ఏం చేయాలో తెలియక నిలబడిపోవడం వేరు.

ఇక మీరు తప్పకుండా చేయించాల్సినవి, వెంటనే: బి12, థైరాయిడ్, చెవుల పరీక్ష. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గొచ్చు, శాకాహారులైతే ఇంకా తొందరగా. నాన్నగారు పోయి ఏడాదిన్నర అన్నారు, ఆవిడ నిద్ర, తిండి, మనసు ఎలా ఉన్నాయి? డిప్రెషన్ పెద్దవాళ్లలో అచ్చం మతిమరుపులాగే కనిపిస్తుంది. ఇవన్నీ వైద్యం ఉన్నవి. ఇవి చూడకుండా "వయసు" అనకూడదు.

కొత్తపేట కుర్రాడు:
అవునూ, రెండు భాషలు మాట్లాడితే డిమెన్షియా రాదని నిమ్స్ వాళ్లు కనిపెట్టారని ఎక్కడో చదివాను, నిజమేనా మేడం? అలాగైతే హైదరాబాద్ వాళ్లంతా సేఫ్ అన్నమాట.

జ్ఞాపకాల గది:
రాదని కాదు బాబూ. సువర్ణ అల్లాడి గారు, తోటి పరిశోధకులు నిమ్స్ మెమరీ క్లినిక్‌కి వచ్చిన 648 మంది డిమెన్షియా పేషెంట్లని చూసి 2013లో ప్రచురించారు. అందులో 391 మందికి రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ భాషలు వచ్చు. వాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. నాకు నచ్చింది ఏమిటంటే, చదువురానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. బడిచదువుతో పనిలేకుండా బజార్లో తెలుగు, ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ పెరిగే ఊరు కాబట్టి ఆ ప్రశ్న అక్కడ అడగడం కుదిరింది.

లెక్కలపిచ్చి:
దీనికి ఒక్కమాట కలుపుతాను. అది ఆస్పత్రికి వచ్చినవాళ్ల మీద చేసిన అధ్యయనం. ఆరోగ్యంగా ఉన్నప్పటి నుంచి మనుషుల్ని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాల్లో చాలావాటిలో ఆ లాభం స్పష్టంగా కనపడలేదు. అందుకని వాదన ఇంకా నడుస్తోంది. నిమ్స్ పని విలువ తక్కువని కాదు, ఒక్కసారి చూసి చెప్పేదానికీ వెంబడి ఉండి చూసేదానికీ తేడా ఉంటుందని.

జ్ఞాపకాల గది:
ఒప్పుకుంటాను. క్లినిక్‌లో మా దగ్గరికి వచ్చేవాళ్లే మాకు కనిపిస్తారు, రానివాళ్లు కనిపించరు.

కరీంనగర్ పెద్దాయన:
పిల్లలూ, నాకు 74. మీరు రాసేవి అన్నీ చదువుతున్నా. నేను రిటైరైన బ్యాంకు ఉద్యోగిని. మీరందరూ అమ్మానాన్నల గురించి అడుగుతున్నరు, నేను నా గురించే అడుగుతున్నా. మునుపు ఖాతా నంబర్లు నోటికి చెప్పేవాణ్ణి. ఇప్పుడు దుకాణానికి పోతే మూడు సామాన్లలో ఒకటి మర్చిపోతున్నా. నా తోటివాళ్లు నాకంటే నయం అనిపిస్తది. నా మెదడు ఎంత పడిపోయిందో తెలుసుకునే తొవ్వ ఏదన్నా ఉన్నదా? భయంతో అడుగుతలేను, తెలుసుకోవాలని ఉన్నది.

లెక్కలపిచ్చి:
పెద్దనాన్నా, మీలాంటివాళ్ల కోసమే ఈ కథ చెప్పాలి. 1947లో స్కాట్లాండ్‌లో 1936లో పుట్టిన పిల్లలకి, సుమారు 70,000 మందికి, పదకొండేళ్ల వయసులో ఒకే తెలివి పరీక్ష పెట్టారు. ఆ కాగితాలు దశాబ్దాల పాటు అలాగే ఉండిపోయాయి. ఇయాన్ డియరీ అనే ఆయన, ఆయన తోటివాళ్లు అవి బయటికి తీసి, డెబ్బై ఏళ్లకి చేరిన ఆ పిల్లల్లో ఎడిన్‌బరో చుట్టుపక్కల ఉన్న 1,091 మందిని వెతికి పట్టుకుని మళ్లీ పరీక్షించారు, స్కాన్లు తీశారు. డెబ్బైల్లో మనుషుల మధ్య కనిపించే తెలివి తేడాల్లో దాదాపు సగం పదకొండేళ్లప్పుడే ఉన్న తేడా. మీ తోటివాళ్లు మీకంటే నయమైతే, వాళ్లు ఆరో క్లాసులో కూడా నయమేనేమో! పక్కవాడితో పోలిస్తే మీరు ఎంత పడ్డారన్నది తెలియదు.

అమెరికాలో సియాటిల్‌లో 1956లో షాయ్ మొదలుపెట్టిన అధ్యయనం కూడా ఇదే చూపించింది. ఒకే రోజు ముప్పై ఏళ్లవాళ్లనీ డెబ్బై ఏళ్లవాళ్లనీ పక్కపక్కన పెట్టి కొలిస్తే తెలివి చాలా ముందుగానే పడిపోతున్నట్టు కనిపిస్తుంది. అదే మనుషుల్ని ఏడేళ్లకోసారి కొలుస్తూ వస్తే, చాలా సామర్థ్యాలు అరవై దాకా బాగానే నిలబడ్డాయి. ముందు తరం బడికి తక్కువ వెళ్లింది, ఆ తేడాని మనం వయసు ఖాతాలో రాసేస్తున్నాం.

కరీంనగర్ పెద్దాయన:
ఖాతా మాట నాకు మంచిగ అర్థమైంది బిడ్డా. నిల్వ చూడొద్దు, జమా ఖర్చు చూడాలంటవు.

కోలారు కోడలు:
మాది కర్ణాటకలో కోలారు జిల్లా, ఇంట్లో తెలుగే. మా శ్రీనివాసపుర తాలూకాలో అచ్చంగా ఇదే పని జరుగుతోంది. బెంగళూరు ఐఐఎస్‌సీలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ వాళ్లు 45 దాటిన పల్లెవాళ్లని పదివేలమందిని చేర్చుకుని ఏళ్ల తరబడి పరీక్షలు చేయాలని పెట్టుకున్నారు, రక్తం, జ్ఞాపకశక్తి పరీక్షలు, స్కాన్లు అన్నీ. మా అత్తగారికి తెలిసిన రైతు కుటుంబాలు చేరాయి. తెలుగు మాట్లాడే పల్లె ఆడవాళ్ల మెదడు ఎలా మారుతుందో తెలుసుకోవాలంటే లండన్ స్కాన్లు చూసి లాభం లేదు కదా, అందుకే మాకు అది గొప్పగా అనిపిస్తుంది.

ముత్యాలముగ్గు:
ఇప్పుడు రక్తపరీక్షతో తేల్చేయొచ్చంటున్నారు, పీ-టావ్ అనో ఏదో. నాన్నకి చేయించనా?

జ్ఞాపకాల గది:
పీ-టావ్ 217. అది కొలిచేది వయసుని కాదమ్మా, అల్జీమర్స్‌కి సంబంధించిన ప్రోటీన్ మార్పుని. అమెరికాలో మందులకి, పరీక్షలకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2025 మేలో ఇలాంటి మొదటి రక్తపరీక్షకి అనుమతి ఇచ్చింది, అదీ లక్షణాలున్న 55 దాటినవాళ్లకి, నిపుణుల దగ్గర. మీ నాన్నగారికి లక్షణాలు లేకపోతే ఊరికే చేయించి ఇంటిల్లిపాదీ కుమిలిపోకండి. బీపీ చూపించండి, చెవులు చూపించండి, రోజూ నడవమనండి. 2011లో అమెరికాలో 120 మంది పెద్దవాళ్లని రెండు గుంపులు చేసి ఏడాది పాటు చూశారు. చురుగ్గా నడిచిన గుంపులో హిప్పోక్యాంపస్ దాదాపు 2 శాతం పెరిగింది, ఒళ్లు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసిన గుంపులో తగ్గింది. చిన్న అధ్యయనమే, అయినా ఇప్పటికీ పేషెంట్లకి చెబుతుంటాను.

తెనాలిపిల్ల:
నాలుగు వారాలయింది, ఇప్పటికి మళ్లీ రాయగలుగుతున్నాను. బి12 పరీక్షలో 140 వచ్చింది, ఉండాల్సిన కనీసం 200 అట. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. అమ్మ వాడే షుగర్ మందు మెట్‌ఫార్మినే. రెండు చెవులూ బాగా తగ్గాయి, మాకు ఇన్నాళ్లూ తెలియనే లేదు, మాట వినిపించుకోదని విసుక్కునేవాళ్లం.

వేరే ఊళ్లో ఒక మేడంగారు తెలుగులో పరీక్ష చేశారు, దగ్గరగా కూర్చుని, నెమ్మదిగా. గుర్తుపెట్టుకోమని మూడు మాటలు చెప్పి, ముందు తిరిగి చెప్పించారు. "గుర్రం" అంటే అమ్మ "గుడ్డ" అంది. మేడం మళ్లీ గట్టిగా చెప్పారు. అప్పుడు నాకు వెలిగింది. మొదటి ఆస్పత్రిలో అమ్మ మర్చిపోయిందని రాసిన మాటల్లో కొన్ని అసలు ఆవిడ చెవిన పడి ఉండవు. ఈసారి అడిగిన మూడింట్లో రెండు చెప్పింది.

అంతా బాగైపోయిందని కాదు. మేడం కూడా కొంచెం జ్ఞాపకం తగ్గిన మాట నిజమే, అది నిలబడుతుందా పెరుగుతుందా అన్నది ఏడాది తర్వాత ఇవే పరీక్షలు మళ్లీ చేస్తే గానీ చెప్పలేనన్నారు. ఎంటీఏ స్కోరు అడిగి వేయించాను, రెండువైపులా 1. నాన్న గురించి కూడా అడిగారు. అమ్మ చాలాసేపు మాట్లాడింది, నాతో ఎప్పుడూ అనని మాటలు. పొయ్యి పక్కన గంట కొట్టే టైమర్ పెట్టాను, మొన్న అది మోగినా వినపడలేదు, వినికిడి మెషిన్ వచ్చేదాకా వెలిగే బల్బు ఉన్నది వెతుకుతున్నాను.

స్కాన్‌రూమ్ గారూ, వచ్చే ఏడాది మళ్లీ స్కాన్ తీయిస్తే పోల్చడానికి ఇప్పుడు నేనేం దాచిపెట్టుకోవాలి?

స్కాన్‌రూమ్:
ఫిల్ములు కాదు, సీడీ దాచండి. ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి, సీడీలు పాడవుతాయి. లోపల డైకామ్ ఫైళ్లు (స్కాన్ అసలు డేటా) ఉన్నాయో లేదో ఇప్పుడే ఎవరిచేతైనా తెరిపించి చూడండి, కొన్నిసార్లు ఉత్త ఫోటోలు ఇచ్చేస్తారు. "త్రీడీ టీ1" అనే సీక్వెన్స్ ఉందా చూడండి, పరిమాణం కొలవాలంటే అది కావాలి. లేకపోతే వచ్చేసారి రాయించుకోండి. మెషిన్ పేరు, దాని అయస్కాంత బలం 1.5 టెస్లానా 3 టెస్లానా అన్నది రాసిపెట్టుకుని మళ్లీ అదే సెంటర్‌కి వెళ్లండి. ఈసారి ఏ పూట తీశారో ఆ పూటే వెళ్లండి, మెదడు పరిమాణం పొద్దున్నకీ సాయంత్రానికీ కూడా కొంచెం మారుతుంది. నీళ్లు తాగించి తీసుకెళ్లండి. వినికిడి మెషిన్ లోపలికి రానివ్వరు, కాబట్టి లోపల ఏం జరుగుతుందో, ఎంతసేపు పడుతుందో బయటే అమ్మకి చెవి దగ్గర నిదానంగా చెప్పండి. నేను మా పేషెంట్లకి వాళ్ల కాళ్ల దగ్గర నిలబడే మనిషిని చూపిస్తాను, ఎవరో ఒకరు పాదం మీద చెయ్యి వేసి ఉంచితే చాలామంది కదలరు. తోడు ఉండనిస్తారేమో అడగండి. ఒంటి మీద లోహం లేకపోతే మా దగ్గర ఉండనిస్తాం.

తెనాలిపిల్ల:
రాసుకున్నాను. ఉదయం పదకొండుకి తీశారు, 1.5 టెస్లా. డైకామ్ ఉన్నాయని తమ్ముడు చూసి చెప్పాడు. పాదం మీద చెయ్యి నేనే వేస్తాను.